సీట్లమ్మ షెడ్డు గాలి

పొద్దున్నే షట్టరు ఎత్తగానే సీట్లమ్మ ముందు చూసేది నేలవైపు, తర్వాత బల్లవైపు, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే మిషనువైపు. ముందురోజు తను వదిలి వెళ్ళిన కత్తెర మొన ఎటు తిరిగి ఉందో ఆమెకి గుర్తుంటుంది. అది అటే ఉంటే ఆ రోజుకి లోకాన్ని వదిలేసేది. లేదంటే వీధి చివరిదాకా అందరికీ మాటలు తప్పేవి కావు.

బైకు సీట్లు, సెలూన్ కుర్చీలు, ఆఫీసు సోఫాలు, ఏవైనా సరే ఆ ఊళ్ళో సగంమంది ఆమె కుట్టు మీదే కూర్చునేవారు. కూర్చున్నవాళ్ళు ఆ సంగతి మర్చిపోయినా కుట్టిన మనిషి మర్చిపోలేదు. ఎదురుపడ్డవాళ్ళు దణ్ణం పెట్టకపోతే, "నా సీటు మీద కూర్చుని నన్నే చూడనట్టు పోతాడా" అని మనసులో ఓ గీత గీసుకునేది. ఆ గీత చెరపడం ఆమెకి చేతకాదు.

షెడ్డు గోడలకి కింద నుంచి కప్పుదాకా ఫోమ్ షీట్లు ఆనించి ఉండేవి. లోపల ఎంత గట్టిగా తుమ్మినా ఆ తుమ్ము అక్కడే అణిగిపోయేది. ఆ సంగతి కనిపెట్టే కాబోలు, చెల్లెలి కూతురు ఒకరోజు గుమ్మంలో వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, ఆదివారం మధ్యాహ్నాలు షెడ్డు నాకిస్తావా? రేడియో పెట్టుకుంటాను."

"రేడియో పెట్టుకోడానికి షెడ్డెందుకే? మీ ఇంట్లో బల్ల లేదా?"

"వినే రేడియో కాదు పెద్దమ్మా, వినిపించే రేడియో. ఇంటర్నెట్లో. గ్యారేజ్ రాక్ అని ఉంటుందిలే. కుర్రకారు తమ షెడ్లలో, గోదాముల్లో గిటార్లూ డ్రమ్ములూ పెట్టుకుని సొంతంగా రికార్డు చేసుకునే పాటలు. వాటిని ఎవరూ వెయ్యరు."

"ఎవరూ వెయ్యనివి నువ్వెందుకు వేస్తావు?"

"ఎవరూ వెయ్యరు గనకే."

ఆ జవాబు అచ్చం తను చెప్పే జవాబులా ఉంది. సీట్లమ్మకి అక్కడే అనుమానం పుట్టింది. ఇంత తెలివిగా ఎవరు నేర్పి పంపారు దీన్ని?

ఇంకెవరు, చెల్లెలు. ఒకప్పుడు ఈ షెడ్డులోనే ఎదురుబొదురుగా కూర్చుని కుట్టిన చెల్లెలు. పెద్ద సోఫా ఒకటి బల్ల మీద సగం కుట్టి ఉండగా, రెడీమేడ్ కవర్ల కంపెనీలో ఉద్యోగమొచ్చిందని లేచిపోయింది. పోతూ పోతూ, "మా అక్క కుట్టూ గట్టిదే, మనసూ గట్టిదే" అని నలుగురి ముందూ అంది. ఆ సోఫా అప్పట్లోనే పూర్తయింది. కోపం మాత్రం ఈ పిల్లకి పాలపళ్ళు ఊడిన రోజుల నుంచీ బల్ల మీదే ఉంది.

"సరే, రెండు షరతులు," అంది సీట్లమ్మ. "నా వస్తువు ముట్టకూడదు. మీ అమ్మ ఊసు ఈ షెడ్డులో ఎత్తకూడదు. ఎత్తావా, నీ రేడియో రోడ్డు మీద, షెడ్డుకి తాళం."

పిల్ల నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది.

"ఏదో చెప్పబోయావు?"

"ఏం లేదు పెద్దమ్మా."

ఏం లేదన్నచోటే ఏదో ఉంటుంది. ఆదివారాలు సెలవు మానేసి, పని ఉందన్న వంకతో సీట్లమ్మ మిషను దగ్గరే కాపలా కూర్చుంది.

మొదటి ఆదివారం పిల్ల వేసిన పాట కోళ్ళఫారం షెడ్డులో ముగ్గురు కుర్రాళ్ళు పాడింది. డ్రమ్ము మోగినప్పుడల్లా స్పీకర్లోంచి తెల్లటి ఈకలు రాలాయి. తర్వాతది ఐసు ఫ్యాక్టరీలో రికార్డు చేసింది. కిటికీ అద్దానికి మంచు పట్టింది, సీట్లమ్మ చెవులకి గుడ్డ చుట్టుకుంది. వడ్రంగి షెడ్డు పాటకి రంపపు పొట్టు పడింది. పాట ఏ గదిలో పుడితే ఆ గది కొంచెం పాటతోపాటు వస్తుంది. కంపెనీ పాటలైతే గదిని కడిగేసి పంపుతారు. ఇవి కడగని పాటలు.

సీటు కోసం వచ్చిన బైకతను లోపలికి తొంగిచూసి, "కోడిని కోశారా?" అన్నాడు.

"లేదు, పాట."

"ఆహా," అని భుజం మీద ఈక తీసేసి, "నా సీటు ఎప్పుడిస్తారు?" అని తన గోల అందుకున్నాడు.

సీట్లమ్మకి చిరాకు ఒక్కటే. "పాట నీది, చీపురు నాదా? ఊడ్చి కదులు."

పిల్ల ఊడ్చేది. ఊడ్చాక చేతులు కడుక్కుని బుద్ధిగా వెళ్ళిపోయేది. ఆ బుద్ధి చూస్తే సీట్లమ్మకి ఇంకా ఒళ్ళుమండేది. పైగా మైకు ఒకటి. మొదట్లో షట్టరు పక్కన ఉండేది. ఓ వారం ఫోమ్ దగ్గరికి వచ్చింది. ఇంకో వారం బల్ల ఎక్కింది. ఇప్పుడు ఏకంగా మిషను పక్కన, ఆమె మోచేతి దగ్గరికి చేరింది.

"ఏమే, దీనికి కాళ్ళొచ్చాయా?"

"ఇక్కడైతే సౌండు బాగుంటుంది," అంది పిల్ల తలెత్తకుండా.

ఓ రోజు గమ్ము కలుపుతుండగా సీట్లమ్మకి మెరుపులా ఓ ఆలోచన వచ్చింది. "వాళ్ళ చెత్త ఇటొస్తోంది బాగానే ఉంది. మరి మన చెత్త ఎటు పోతోందే?"

"మైకు తెరిచినప్పుడు వినేవాళ్ళ ఇళ్ళకి పోతుంది పెద్దమ్మా. కొంచెమేలే."

"నా షెడ్డు గాలి ఊరంతా పంచిపెడుతున్నావా! ఎవరెవరికి?"

"ఎంతమందో తెలుస్తుంది, ఎవరో తెలీదు. నలభైమంది దాకా వింటున్నారు."

నలభైమందిలో చెల్లెలు లేకుండా ఉంటుందా? తన గమ్ము పాళ్ళు ఎవరికీ చెప్పలేదు సీట్లమ్మ. చెల్లెలికి కూడా. ఇప్పుడు వాసన పట్టి దొంగిలిస్తోందన్నమాట, కిటికీ పక్కన కూర్చుని, తీరిగ్గా!

పై ఆదివారం, గుడ్డ మీద గీతలు గీసే ఎర్ర సుద్దని మెత్తగా నూరి అరచేతిలో పట్టుకుంది. పిల్ల రెండు పాటల మధ్య మాట్లాడుతుండగా మైకు మీదికి ఉఫ్ అని ఊదింది. పిల్లకి తుమ్ములు పట్టుకున్నాయి.

"ఏంటిది పెద్దమ్మా!"

"సుద్ద అరిగింది. నీ పని చూసుకో."

తెల్లారి మెడలో కొలత టేపు వేసుకుని ఊరి మీద పడింది. మందుల షాపాయన చెవుల్లో ఎరుపు. "ఏంటా చెవులు?" అంటే "ఎలర్జీ" అని రెండు చేతులతో మూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఇంకా అడక్కముందే బ్యాంకు మేనేజరు కాలరు దులుపుకున్నాడు. బడి హెడ్‌మిస్ట్రెస్ జుట్టులోనూ ఎరుపే. ఇంతమంది మర్యాదస్తులు తలుపులేసుకుని ఆ గోల వింటున్నారా అని సీట్లమ్మ ముక్కున వేలేసుకుంది.

తర్వాత చెల్లెలి వీధిలోకి వెళ్ళింది. తను వెళ్ళలేదు, కాళ్ళే వెళ్ళాయి అనుకుంది.

కిటికీ తెరిచే ఉంది. కిటికీ దిమ్మ మీద చిన్న స్పీకరు. దాని పక్కన కుర్చీలో చెల్లెలు. ఒళ్ళంతా ఎర్ర సుద్ద.

దొరికింది! సీట్లమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది, వీధి అదిరేలా అరవడానికి.

చెల్లెలు ఎడంచేత్తో ఒళ్ళో సుద్ద దులుపుకుంటోంది. కుడిచెయ్యి, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా, తొడ మీద పడి ఉంది. ఎడంచెయ్యి దాన్ని కూడా ఎత్తి, దులిపి, మళ్ళీ అక్కడే పెట్టింది. పెదవి ఓ పక్కకి జారి ఉంది. గదిలో మిషను మీద కప్పిన దుప్పటి కదిపి నెలలైనట్టుంది.

పీల్చిన గాలి అలాగే పట్టుకుని సీట్లమ్మ వీధి చివరిదాకా నడిచింది. అక్కడ వదిలింది.

సాయంత్రం పిల్లని పిలిపించింది. "మీ అమ్మకి ఏమైంది?"

"ఆ ఊసు ఎత్తొద్దన్నావుగా."

"నువ్వెత్తలేదు. నేనెత్తాను. చెప్పు."

"పక్షవాతం. నేను నీ దగ్గరికి రాకముందే. వేళ్ళకి పని చెబితే చెయ్యి వస్తుందన్నాడు డాక్టరు. ఎక్కువ ఆలస్యం చేస్తే రాదు, ఇంతే అన్నాడు. అమ్మ వినదు. ఇంకేం కుట్టాలని, అంటుంది."

"మరి ఈ రేడియో నాటకం?"

"నాటకం కాదు పెద్దమ్మా, పాటల కోసమే పెట్టాను, ఒట్టు. కానీ మొదటిరోజు ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఒళ్ళో ఫోమ్ పొట్టు ఉంది. గదంతా నీ గమ్ము వాసన. అమ్మ చూపుడువేలు కదిలింది. సీటు కవరు మూల మడత పెడుతున్నట్టు."

"అందుకా మైకు నడిచింది."

పిల్ల తలూపింది.

"నేను మొదటిరోజే అనుకున్నాను, దీనివెనక ఏదో ఉందని," అంది సీట్లమ్మ. తన అనుమానం నిజమైనందుకు ఆమె అంతగా బాధపడింది ఎప్పుడూ లేదు. "నోరు లేదా నీకు? తిట్టయినా చెప్పొచ్చుగా!"

"తాళం వేసేదానివిగా."

 సీట్లమ్మ కత్తెర తీసి అటూ ఇటూ తిప్పి, ఎటు పెట్టిందో చూసుకోకుండా పెట్టేసింది.

ఆదివారం, సిమెంటు గోదాములో పాడిన పాట వెయ్యబోతుంటే సీట్లమ్మ మైకు ముందుకొచ్చింది. "లే."

పిల్ల లేచింది.

"పాటల గురించి నాకు తెలీదు. నాకవి గోల," అంది సీట్లమ్మ మైకులోకి. "వినేవాళ్ళలో ఒక మనిషి ఉంది. సగం పని బల్ల మీద వదిలి పోయిన మనిషి. ఆమెతో నేను మాట్లాడను. ఇప్పుడు కూడా మాట్లాడ్డం లేదు. పని చెబుతున్నాను."

మైనం రాసిన లావుదారం కొస తీసి మైకు జాలీకి ఆనించింది. దారం సూది బెజ్జంలోకి పోయినట్టు లోపలికి పోయింది. ఉండ తిరిగింది, తిరిగింది, ఆగింది. ఆ మధ్యాహ్నం నలభై ఇళ్ళల్లో స్పీకర్లకి దారం వేలాడింది. మనది కాదులే అని ఎవరూ ముట్టుకోలేదు.

"పట్టుకో," అంది సీట్లమ్మ.

కాసేపటికి దారం చురుగ్గా బిగిసింది.

"ఎడంచేత్తో కాదు. నాకు తెలీదనుకోకు."

దారం వదులైంది. షెడ్డులో చప్పుడు లేదు. పిల్ల పాట వేసే బటన్ మీద వేలు పెట్టి గుసగుసలాడింది. "పెద్దమ్మా, రేడియోలో ఇంతసేపు మౌనంగా ఉంటే వినేవాళ్ళు వెళ్ళిపోతారు."

"పోనీ. ఒక్కరుంటే చాలు."

ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. వినేవాళ్ళ లెక్క చూపించే తెర మీద నలభై కాస్తా పదైంది, ఐదైంది. సీట్లమ్మ దారం మీంచి వేళ్ళు తియ్యలేదు. వదులు దారం బల్ల మీద పడి ఉంది, కదలకుండా.

అప్పుడు అది సన్నగా వణికింది. ఆగింది. మళ్ళీ వణికి, కొంచెం, గోరంత, లోపలికి పోయింది. బలం లేదు, తిన్నదనం లేదు. చిన్నపిల్ల మొదటిసారి సూది పట్టినట్టు ఉంది.

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సీట్లమ్మ మైకు దగ్గరికి ఇంకా వంగింది.

"వంకరగా లాగావు," అంది. "మళ్ళీ లాగు."