బల్లకట్టు తాడు

మా ఊరి దగ్గర కృష్ణను జలమార్గం చేశారు. చేసిన రోజు నుంచి ఒక్క మనిషి కూడా ఏరు దాటలేదు. ఇంతటి ఘనకార్యం మా ఊరివాళ్లకు తప్ప ఇంకెవరికి సాధ్యం?

నా పేరు వీరరాఘవమ్మ. మా ఆయన గోపాలకృష్ణయ్య ఊళ్లో ఒక వర్గానికి పెద్ద. రెండో వర్గానికి నాగేశ్వరరావు పెద్ద. ఎండ మండిపోతోందని ఈయనంటే, చలేస్తోందని ఆయన దుప్పటి కప్పుకుంటాడు.

వాళ్ల గొడవలతో నాకు పనిలేదు. నాకు కావలసింది మా చెల్లెలు శాంతమ్మ. దాన్ని అవతలి ఒడ్డు ఊరికిచ్చారు. మరిది పోయాక ఒంటరిదైపోయింది. ప్రతి ఆదివారం ఏసోబు నడిపే బల్లకట్టు ఎక్కి వచ్చి, నా చేతి అన్నం తిని, పొద్దువాలక ముందే వెళ్లేది. వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలంటే బస్సులు మారాలి. బస్సు హారన్ వింటేనే దానికి వాంతులు. అందుకని మాకు ఆ బల్లకట్టే దారి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన ఇనపతాడు పట్టుకునే అది నడిచేది.

ఇంతలో ఆఫీసర్లు దిగారు. "మీ తాతల కాలంలో ఇక్కణ్ణుంచి పత్తి పడవలు బెజవాడ పోయేవి, ఉప్పు వేసుకుని తిరిగొచ్చేవి. ఆ వైభవం మళ్లీ తెస్తాం. పిడుగురాళ్ల సున్నం, మీ మిరపకాయలు ఇక నీళ్ల మీదే పోతాయి" అన్నారు. మా అత్తగారు కాపురానికొచ్చిన నాటి నుంచీ ఉన్న మాటే ఇది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఏటి లోతు కొలిచి పోయేవాళ్లు. ఈసారి ఇసుక తోడే మిషను కూడా తెచ్చారు, ఇక నమ్మక ఏం చేస్తాం!

జెట్టీ ఎగువ రేవులో కట్టాలని మా ఆయన, దిగువ రేవులో కట్టాలని నాగేశ్వరరావు పట్టుబట్టారు. చివరికి ఎవరి మాటా నెగ్గకుండా నడిమధ్యన, దారీ తెన్నూ లేని బండల మీద కట్టించారు. అవతలివాడికి దక్కలేదని ఇద్దరూ మీసాలు దువ్వుకున్నారు.

తర్వాత తాడు మీద పడ్డారు. పడవలకు అడ్డం, తీసేయమన్నారు ఆఫీసర్లు.

"పడవ మొహం చూశాక తీద్దాం, తొందరేంది?" అన్నాను.

"ఏమే, దేశం బాగుపడే పనికి నీ చెల్లెలు అడ్డమా?" అని మా ఆయన కసిరాడు.

తీయడానికి రెండు వర్గాలూ సిద్ధమే. ఆ గౌరవం ఎవరిదన్నదే తగువు. పెద్దమనుషులు కూర్చుని తాడును సరిగ్గా మధ్యకు కోసి, చెరి సగం ఇచ్చారు. "కోయకండయ్యా, చుట్టచుట్టి దాచండి" అని నేను మొత్తుకుంటే బ్యాండు మేళంలో ఎవరికీ వినపడలేదు. ఏసోబు సున్నం బట్టీల్లో కూలికి పోయాడు.

పైన డ్యాం నుంచి నీళ్లు వదిలిన రోజు చూసుకుని పడవ వచ్చింది. అందులోంచి ఆఫీసర్లు చేతులూపారు. వాళ్లు ఊపుతుండగానే పైన గేట్లు మూశారు, పడవ నడి ఏట్లో ఇసుక మేట మీద కూలబడింది. చేపలు పట్టేవాళ్ల పుట్టి ఎక్కి, గిర్రున తిరుగుతూ, దేవుళ్లకు మొక్కుకుంటూ ఒడ్డుకొచ్చారు ఆ మహానుభావులు. మర్నాడు రేవులో బోర్డు పెట్టారు: పుట్టి ప్రయాణం ప్రమాదకరం, జనాన్ని ఎక్కిస్తే కేసు.

ఆ తర్వాత మా ఆదివారాలు ఫోన్లోనే. ఈ ఒడ్డున నేను, ఆ ఒడ్డున అది.

"అక్కా, ఆ పచ్చ చీర నువ్వేనా?"

"నేనేనే. అన్నం తిన్నావా?"

"ఒక్కదానికి ఏం వండుకుంటాలే."

ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. "నీ జలమార్గం తగలెయ్య! ఆ తాడు మళ్లీ కట్టించు!"

"మన సగం ఏడకి చాలుద్దే?"

"నాగేశ్వరరావునడిగి ఆ సగం తీసుకో."

"వాణ్ణా? నేనా?"

మా సగం దొడ్లో దండెమైంది. దాని మీద ఈయనగారి తెల్లపంచెలే ఆరేస్తున్నాను. ఊరి పెద్ద ఒళ్లంతా తుప్పు మరకలు. చానా తృప్తిగా ఉంది.

ఎండాకాలం వచ్చి ఏరు పిక్కల్లోతుకు దిగింది. పడవలు నడవాల్సిన చోట నేనే నడిచాను, చేతిలో క్యారేజీతో. అటు నుంచి శాంతమ్మ చీర ఎగదోపుకుని వచ్చింది. ఇసుక మేట మీద, పడవ నీడలో కూర్చున్నాం. చిక్కి సగమైంది నా చెల్లెలు. పప్పన్నంలో నెయ్యి పోసి కలిపి ముద్దలు పెట్టాను. చిన్నపిల్లలా నోరు తెరిచి తింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు ఆ పడవ ఇద్దరాడవాళ్లకు నీడైనా ఇచ్చింది.

ఫోను మోగింది. చేతికి అన్నం ఉందని మోచేత్తో స్పీకరు నొక్కాను. మా ఆయన గొంతులో పండగ.

"ఏమే, పైన వానలంట! రేపు గేట్లు ఎత్తుతున్నారు. ఏరు నిండుద్ది, మన పడవ కదులుద్ది!"

శాంతమ్మ నమలడం ఆపేసింది.