నర్సమ్మ తల తగలని బండి

పొద్దున వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ పెట్టి, అలివేలు తన అత్త మంచం దగ్గరికి మూడు లంగాలు పట్టుకొని వచ్చేది. పొట్టిదొకటి, నడిమిదొకటి, పొడుగుదొకటి. ముందుగా మంచం చివరకు చూసేది. అత్త పాదాలు మంచం లోపలే ఉంటే నడిమి లంగా, బయటికి వచ్చి ఉంటే పొడుగుది.

"అత్తమ్మా, ఇయ్యాల ఏది ఇయ్యాలె?"

"పొడుగుదే తే బిడ్డా. పెరట్ల బెండ పూత పట్టింది."

నర్సమ్మ సంతోషమైతే పెరుగుతుంది, దిగులైతే తరుగుతుంది. నడిగూడెంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. మనుమరాలు వర్షిణి ఎమ్మెస్సీ పాసైన నాడు ఆమె తల దూలానికి తగిలింది. పెనిమిటి పోయిన నెలంతా చిన్నప్పటి వర్షిణి గౌన్లే ఆమెకు సరిపోయాయి. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు బరువు మాత్రం రాసుకొని, ఎత్తు రాసే గడి ఖాళీగా వదిలి, చాయ తాగి పోయేది.

ఆ ఇంటి పాత కారుకూ నర్సమ్మకూ మాత్రం పడేది కాదు. పెండ్లికి పోతున్నామంటే ఆమెకు సంతోషం. సంతోషమైతే కారులో పట్టదు. మెడ వంచుకొని వంచుకొని ఆమె మండపం ముందు దిగేసరికి, పెండ్లిపిల్ల కూడా అంత తల వంచి ఉండేది కాదు. పోయిన నెల కొడుకు దామోదర్ ఆ కారును చిలుకూరు మనిషికి అమ్మేశాడు.

"ఈసారి అమ్మ తల తగలని బండే తెస్త," అన్నాడు.

దామోదర్‌కు వరి పొలం ఉంది, కోదాడలో ఎరువుల దుకాణం ఉంది. గుంతల తొవ్వకు కొంచెం ఎత్తుగా ఉండే బండి కావాలనుకున్నాడు. చూసి చూసి రెండు చిన్న ఎస్‌యూవీల దగ్గర ఆగారు. సూర్యాపేటలో ఉన్నది తెల్లది. దాని కప్పుకు తెరుచుకునే అద్దం, ముందర టీవీ అంత తెర. మిర్యాలగూడలో ఉన్నది ఎర్రది, బియ్యం డబ్బా లెక్క నిటారుగా ఉంటుంది. దామోదర్ కొడుకు పవన్ ఫోనులో వీడియోలు చూసేవాడు. ఒకడు తెల్లది బంగారం అంటే ఇంకొకడు ఎర్రది వజ్రం అనేవాడు. అందుకని పోయి, కూర్చొని, నడిపే చూద్దామనుకున్నారు.

అప్పటికే వర్షిణికి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పదిహేను రోజులలో చేరాలి. పొద్దున ఆరింటికి షిఫ్టు. ఆ వేళకు అటు బస్సు లేదు.

"బండి వస్తున్నది గద నాన్న, నేనే తోలుకొని పోత. లైసెన్సు ఉన్నది గద."

"ఆ రోడ్డు నిండ సిమెంటు లారీలే బిడ్డా. తెల్లారక ముందు ఒక్కదానివి ఎట్ల పోతవ్? బండి పవన్ తోల్తడు తియ్."

"మరి వాడు నన్ను దించి వస్తడా?"

పవన్ దుప్పటి లోపలి నుంచే పలికాడు. "ఎనిమిదింటికి ముందు లేపితే నేను మనిషిని కాను అక్కా. ముందే చెప్తున్న."

"విన్నవ్ గద. ఆ కొలువు వదిలెయ్. ఈడనే ఏదన్న స్కూల్ల చూద్దాం," అన్నాడు దామోదర్.

ఆ ఉద్యోగం కోసం వర్షిణి మూడుసార్లు పరీక్ష రాసింది. ఆ పూట నర్సమ్మ జానెడు తగ్గింది. అలివేలు పొట్టి లంగా తెచ్చి మంచం మీద పెట్టింది.

బుధవారం అలివేలును ఇంటి దగ్గర ఉంచి మిగతా నలుగురూ బస్సెక్కి సూర్యాపేట పోయారు. షోరూములో వంశీ అనే పిల్లవాడు అందరికీ చల్లటి నీళ్లిచ్చి, పవన్ లైసెన్సు తీసుకొని కాపీ చేయించడానికి పంపాడు. తెల్ల బండి తలుపు తీసి, "కూర్చోండి పెద్దమ్మా," అన్నాడు.

పవన్ స్టీరింగు పట్టాడు. హైవే ఎక్కగానే ఒక లారీని దాటాడు, ఇంకొక లారీని దాటాడు. బస్సుకూ ట్రాక్టరుకూ నడుమ సందు కనిపిస్తే దారమై అందులోంచి దూరాడు. తిరిగి షోరూము ముందు ఆపేసరికి వెనుక సీటులో నర్సమ్మ వర్షిణి నడుము దాకా తరిగిపోయింది. కాళ్లు సీటు అంచు కూడా దాటడం లేదు.

వంశీ వెనక్కు తిరిగి చూసి మురిసిపోయాడు. "చూసిండ్రా సార్! పెద్దమ్మ నెత్తి మీద ఇంకో మనిషి కూర్చోవచ్చు. అంత జాగ ఉన్నది మా బండిల!"

దామోదర్ చెయ్యి పెట్టి చూశాడు. తల్లి తలకూ కప్పుకూ నడుమ మూర పైనే ఖాళీ. "అబ్బ, ఏమి ఎత్తున్నది! అమ్మకు ఇదే కరెక్టు. అయినా ఆ ఎర్రది కూడా ఒకసారి చూసి వద్దాం," అన్నాడు.

మిర్యాలగూడలో నరేష్ అనే ఆయన ముందుగా లైసెన్సు అడిగాడు. పవన్ జేబులు తడుముకున్నాడు. లైసెన్సు సూర్యాపేట షోరూము బల్ల మీదనే ఉండిపోయింది. దామోదర్‌ది గడువు దాటి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. వర్షిణి తనది తీసి ఇచ్చింది.

"ఈడీడనే తిప్పు బిడ్డా. నిమ్మళంగ పో," అన్నాడు దామోదర్.

వర్షిణి సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది. బండి కదిలించే ముందు వెనక్కు తిరిగి అడిగింది.

"నానమ్మా, ఏడికి పోదాం?"

నర్సమ్మ ఉలిక్కిపడింది. ఎడ్లబండి నాటి నుంచి ఎన్ని బండ్లెక్కిందో ఆమె. ఎక్కమంటే ఎక్కింది, దిగమంటే దిగింది. ఏడికి పోదామని అడిగినవాళ్లు లేరు.

"సాగర్ కాల్వ గట్టు దాకా పోదామా? నీళ్లు చూడాలనిపిస్తున్నది," అంది సిగ్గుపడుతూ.

పోయారు. రైసుమిల్లుల ముందు వరుసగా లారీలు ఆగి ఉన్నాయి. వర్షిణి ఒక్కొక్కటి చూసుకుంటూ, ఆగవలసిన చోట ఆగుతూ, దారి ఇవ్వవలసిన వాళ్లకు ఇస్తూ నడిపింది. కాలువ నిండా నీళ్లు పోతున్నాయి. నర్సమ్మ కిటికీ అద్దం దించి, "ఎన్ని నీళ్లు, ఎన్ని నీళ్లు," అంటూ ఉంది. అంతలో ఠప్‌మని చప్పుడైంది. ఆమె తల కప్పుకు తగిలింది.

"ఖతం!" అన్నాడు దామోదర్. "ఇది మాకు పనికిరాదు. సూర్యాపేటదే ఖాయం చేద్దాం."

నరేష్ మొహం వాడిపోయింది. షోరూముకు రాగానే టేపు తెచ్చి సీటు నుంచి కప్పు దాకా కొలిచి చూపించాడు. వర్షిణి రెండు బండ్ల కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివింది. ఎర్రదే రెండు అంగుళాలు ఎత్తు.

"నాన్న, ఆ బండిల నానమ్మ ఎంతున్నది? నా నడుము దాంక. ఈ బండిల ఎంతున్నది? ఆరడుగులు దాటింది. కొలిచే బద్దనే మారితే ఏది ఎత్తో ఎట్ల తెలుస్తది? మా కాలేజి ల్యాబుల రెండు శాంపిళ్లను రెండు తక్కెడలల్ల తూస్తే సార్లు బయటికి పంపేటోళ్లు."

దామోదర్ గడ్డం గోక్కున్నాడు. ఎరువుల దుకాణం నడిపేవాడు గనుక తక్కెడ మాట ఆయనకు బాగా ఎక్కింది. "అట్లయితే ఆ బండి కూడా నువ్వే తోలు. ఎట్లాగూ వీని లైసెన్సు తెచ్చుకోవాలె గద."

మళ్లీ సూర్యాపేట బస్సెక్కారు. ఈసారి తెల్ల బండిని వర్షిణి నడిపింది. ఏడికి పోదామని మళ్లీ అడిగింది. "గీ రోడ్డు ఎంత దూరం పోతదో అంత దూరం," అంది నర్సమ్మ. సద్దుల చెరువు దాటక ముందే ఆమె తల కప్పును తాకింది. వంశీ కంగారుపడి మీది అద్దం తెరిచాడు. నర్సమ్మ తల, దాని వెనుక కొప్పు, ఆ తరువాత భుజాలు బయటికి వచ్చాయి. సైకిలు మీద పోతున్న పెద్దమనిషి ఒకాయన, "బాగున్నవా అక్కా?" అని పలకరించి పోయాడు.

"లోపలికి రా అమ్మా, పోలీసోళ్లు చూస్తే కేసు రాస్తరు!" అన్నాడు దామోదర్ కాళ్ల దగ్గరి నుంచి.

"నేను వద్దామనే చూస్తున్న కొడుకా. తగ్గుతలేను."

బండి పక్కకు ఆపారు. దామోదర్ దిగి, నిలబడి, తల్లి మొహంలోకి తల ఎత్తి చూశాడు.

"మరి పవన్ తోలితే ఎందుకే అంత ముడుచుకున్నవ్?"

"వాడు తోలినంతసేపు బ్రేకు నేనే తొక్కిన్రా, ఉత్త కాలితోటి. పిల్ల తోలుతుంటే నాకు కాళ్లున్న సంగతే యాదికి లేదు."

పవన్ నవ్వాడు. "నిజమే నాన్న. నేను తోలితే నాకే భయమైతది."

దామోదర్ నవ్వలేదు. స్టీరింగు మీద ఉన్న బిడ్డ చేతుల వంక చాలాసేపు చూశాడు. పక్కనుంచి లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆ చేతులు కదలలేదు.

"ఎర్రదే తీసుకుందాం," అన్నాడు చివరికి. "ఎత్తు ఎక్కువున్నది. ఆ కప్పు తెరుచుడు మనకెందుకు?" బిడ్డ వైపు తిరిగి, "వర్షిణీ, ఏ దినం చేరాలన్నరు?" అని అడిగాడు.

సోమవారం తెల్లవారకముందే ఎర్ర బండి నడిగూడెం నుంచి కదిలింది. తొవ్వ చూసి వస్తానని దామోదర్ ఎక్కాడు, ఆయన ఎక్కాడని నర్సమ్మ ఎక్కింది. మేళ్లచెరువు చేరేసరికి తూర్పు ఎర్రబడింది. చెట్ల ఆకుల మీద సిమెంటు దుమ్ము తెల్లగా పేరుకొని ఉంది. వర్షిణి లారీల పక్కన బండి ఆపి, పచ్చ టోపీ పెట్టుకొని గేటు వైపు నడిచింది. నాలుగడుగులు పోయి వెనక్కు వచ్చింది.

"నాన్న, నా డ్యూటీ రెండింటి దాంక ఉంటది. మీరెట్ల పోతరు?"

ఆ సంగతి ఇంట్లో ఎవ్వరికీ తట్టలేదు. "నువ్వు పో బిడ్డా, మా సంగతి మేం చూసుకుంటం," అన్నాడు దామోదర్.

ఆటోలు ఆగాయి గానీ వాటిలో నర్సమ్మ పట్టలేదు. మనుమరాలు గేటు లోపలికి పోయేసరికి ఏడడుగులకు తక్కువ లేదు ఆమె. చివరికి దుకాణానికి ఎరువు బస్తాలు తోలే బీరన్న ట్రాలీ ఆటో ఖాళీగా కోదాడకు పోతూ ఆగింది.

"ఏందే దామోదరన్నా, కొత్త బండి కొని నా ట్రాలీ ఎక్కుతున్నవ్?"

"బండి నాది కాదు బీరన్నా, నా బిడ్డది," అన్నాడు దామోదర్.

ఆయన కింద గోనెసంచి మీద కూర్చున్నాడు. నర్సమ్మ క్యాబిను పట్టుకొని వెనక్కు తిరిగి నిలబడింది. గాలికి కొంగు ఎగురుతున్నది. వేపకొమ్మలు తగిలితే చేత్తో పక్కకు జరుపుతున్నది. ఫ్యాక్టరీ గోడ దాటింది, మలుపు వచ్చింది, దామోదర్‌కు గేటు కనపడకుండా పోయింది.

"కనపడ్తున్నదా అమ్మా, పిల్ల?"

"కనపడ్తున్నది రా. మెట్లెక్కుతున్నది."

కొంచెం దూరం పోయాక మళ్లీ అడిగాడు.

"ఇప్పుడూ?"

నర్సమ్మ ఇంకొక బెత్తెడు పెరిగింది.

"కనపడ్తున్నది."

కోదాడ దాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెబుతూనే ఉంది.