ఆదివారం మూడుంబావుకు పంపిన ట్రే

వంకర పళ్లు సరిచేసే అలైనర్ ఊడి రావడం లేదు.

లూపే సన్నటి కొక్కెం దాని అంచుకి తగిలించి మళ్లీ లాగింది. పై పళ్ల వరుసని గాజులా కప్పేసిన ఆ ట్రే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కుర్చీలో పడుకున్న బ్రాంటీ కాళ్లు బిగుసుకున్నాయి. పెదవుల్ని వెనక్కి పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం వల్ల ఆ పందొమ్మిదేళ్ల పిల్ల మాట్లాడలేకపోతోంది. ముందు పళ్ల పక్కనున్న పన్ను చుట్టూ చిగురు కమిలి నల్లబడింది.

"రెండు రాత్రులుగా నిద్ర లేదు నా పిల్లకి," గోడ పక్కనుంచి తల్లి గ్లెనిస్ అంది. ఆవిడ ఒళ్లో ఫిర్యాదు కాగితం ఉంది. "పన్ను ఊగుతోంది. ఎవరి నిర్వాకం ఇది? పేరు చెప్పండి. ఇందులో పేరు రాయడానికి గడి వదిలారు."

డాక్టర్ కీత్ హాలరన్ చేతి తొడుగులు మార్చుకుంటూ లూపే వైపు గడ్డం ఎగరేశాడు. "ఎదురుగానే ఉందిగా. ట్రేలు తయారుచేసేది ఈవిడే." తర్వాత గొంతు తగ్గించాడు. "పదకొండేళ్లు బాగానే చేశావు లూపే. సాయంత్రంలోగా నీ సామాన్లు సర్దుకో. ఇప్పుడు పక్కకి జరుగు, కోసేస్తాను."

అతని చేతిలో మర గుయ్‌మంది.

కోస్తే ముక్కలు చెత్తబుట్టలో పడతాయి. ఆ తర్వాత తన పని సరైనదని చూపించడానికి ఏమీ మిగలదు. ఈ బండబర్గ్ ఊళ్లో ఉన్న నాలుగు పంటి ఆసుపత్రుల్లో ఈ మచ్చతో తనని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

"రెండు నిమిషాలివ్వండి డాక్టర్," అంది లూపే. "ఊగే పన్ను మీద మర అదిరితే ఊడి చేతికొస్తుంది."

"ఇవ్వండి," గ్లెనిస్ గట్టిగా అంది. "ఊడితే మీ నోట్లోది పీకి పెడతారా?"

మర ఆగింది.

లూపే పక్క గదిలోకి పరిగెత్తింది. ఏ ట్రే అయినా ముందు ఆ నోటి నమూనా అచ్చువేసి, దాని మీద వేడి ప్లాస్టిక్ రేకు అదుముతారు. అరలోంచి బ్రాంటీ నమూనా తీసి వెలుగులో తిప్పింది. ముందు పళ్ల పక్కనున్న ఆ పన్ను మూల విరిగి ఉంది.

నోట్లో ఉన్న పన్ను మాత్రం నిండుగా ఉంది. ఆటలో మోచెయ్యి తగిలి విరిగిన ఆ మూలని జూలైలో హాలరనే సిమెంటుతో నింపాడు. ఆగస్టు ఐదున కొత్త స్కాన్ తీశారు. ఈ నమూనా మాత్రం మే ఎనిమిది నాటి పాత స్కాన్‌ది.

కంప్యూటర్‌లో ఆర్డర్ తెరిచింది. తేదీ గడిలో 05/08. ఇక్కడ రోజు ముందు రాస్తారు, కానీ ఇది అమెరికా నుంచి వచ్చిన యంత్రం, నెలని ముందు చదివి దాన్ని మే ఎనిమిది అనుకుంటుంది. అందుకే తెర అంచున లూపే పసుపు చీటీ అంటించింది: నెల పేరు అక్షరాల్లో రాయండి. ఈ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లెవరూ ఆ చీటీ చూడకుండా ఉండలేరు. అంటే ఆర్డర్ ఇక్కడినుంచి కాదు, ఎవరి ఫోన్‌లోంచో వెళ్లింది. వెళ్లిన సమయం ఆదివారం మధ్యాహ్నం మూడుంబావు. పంపినవారి గడిలో ఉన్నది తన పేరే. లూపే.

నమూనా పట్టుకుని తిరిగొచ్చింది. "ట్రే సరిగ్గానే చేశాను. ఎవరో పాత స్కాన్ పంపారు."

"ఎవరో ఏమిటి? ఆర్డర్ మీద నీ పేరే ఉంటే?"

"ఉంది. అది మీకెలా తెలుసు?"

హాలరన్ చేతి తొడుగు సవరించుకున్నాడు. "అన్నీ నీ పేరు మీదేగా పోయేది."

"ఆదివారం మూడుంబావుకు నేను చర్చి భోజనాల్లో టారో దుంపలు వడ్డిస్తున్నాను. అరవైమంది మా సమోవా వాళ్లు తిన్నారు, వెళ్లి అడగండి. నా ఫోన్ పాస్టర్ గారి భార్య బుట్టలో ఉంది. నా పాస్‌వర్డ్ ఇంకొక్కరికే తెలుసు."

కుర్చీలో బ్రాంటీ చటుక్కున తల ఎత్తింది. "ఆ... ఆఆ..." చెయ్యి ఊపుతోంది.

"మాట్లాడకమ్మా, రక్తం వస్తుంది," అంటూ హాలరన్ మళ్లీ మర అందుకున్నాడు. "రెండు నిమిషాలు అయిపోయాయి."

లూపే అతనికీ కుర్చీకీ మధ్య నిలబడింది. ఎక్కడ పట్టేసిందో ఇప్పుడు తెలుసు. సిమెంటు నింపిన ఆ మూల దగ్గరే. ఇంతసేపూ అందరూ అక్కడే లాగారు. సిరంజితో గోరువెచ్చని నీళ్లు అంచంతా చిమ్మింది. అవతలి పక్క దవడ పళ్ల లోపలివైపు కొక్కెం తగిలించింది. ఒక పన్ను వదిలింది. ఇంకోటి. చివర్లో ఆ మూల దగ్గర ట్రేని కిందికి కాకుండా ముందుకి తోసింది.

టప్‌మని ఊడింది. పన్ను ఒక్క ఊపు ఊగి నిలబడిపోయింది.

లూపే ట్రేని డాక్టర్‌కి ఇవ్వలేదు, గ్లెనిస్ అరచేతిలో పెట్టింది. తర్వాత చట్రం తీసేసింది.

బ్రాంటీ చొంగ తుడుచుకుంది. "అమ్మా, ఆదివారం నేను పడవల రేవు దగ్గర చేపల ఎరలమ్మే కొట్లో పనిలో ఉన్నా కదా. ఒకాయన ఎరకి రొయ్యలు కొన్నాడు. పడవ ఎక్కుతూ ఫోన్ టకటకా నొక్కి, నీ ట్రే పంపేశాను పిల్లా, సెలవు రోజు కూడా నీ సేవే, అన్నాడు. మూడున్నర కూడా కాలేదప్పటికి."

గ్లెనిస్ పెన్ను మూత తీసింది. "ఎవరాయన?"

"బ్రాంటీ, ముందు నోరు పుక్కిలించు," అన్నాడు హాలరన్.

ఆ పిల్ల బుద్ధిగా పుక్కిలించింది. ఉమ్మింది. మూతి తుడుచుకుని అతని కళ్లలోకి చూసింది.

"రాసుకో అమ్మా. కీత్ హాలరన్."