టోపీ తీసిన పెనాల్టీ

పదకొండు రోజులు, పదమూడు మ్యాచ్‌లు. నా మోకాళ్ల సంగతి దేవుడికే తెలియాలి, మా తమ్ముడికైతే తెలియదు. వాడు పాస్టరు. వాళ్ల సంఘం పిల్లల్ని పద్దెనిమిది మందిని వెంటేసుకుని, పరాయి దేశంలో ఊరూరా ఫుట్‌బాల్ ఆడించి, ఆట మధ్య విరామంలోనూ, ఆట అయ్యాకా దేవుడి వాక్యం చెప్పాలని వాడి సంకల్పం. నేను బడిలో డ్రిల్లు టీచర్ని. నువ్వు లేకపోతే వీళ్లకి ఆటెవరు చెబుతారక్కా అని వాడు బతిమాలితే, ఉన్న సెలవులన్నీ బుగ్గి చేసుకుని బయల్దేరాను. బుద్ధి ఉంటేగా.

పొద్దున్నే లేవడం, లాడ్జి స్నానాల గదిలో బకెట్లో జెర్సీలు నానబెట్టి పిండడం, తడారకముందే వాటిని పిల్లలకు తొడిగి వ్యాను ఎక్కించడం. చివరి మజిలీ ఊళ్లో మైదానమంటే గోడౌన్ల వెనక గులకరాళ్ల నేల. ఒక పక్క రేకుల షెడ్డు, అందులో వాక్యం వినేవాళ్ల కోసం నలభై ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడే ఆరు రోజులున్నాం. అక్కడి వాళ్లతో మాటలన్నీ ఇరువైపులా వచ్చీరాని ఇంగ్లీషులోనే.

తమ్ముడికి ఓ నియమం ఉంది. ఎక్కడ ఆడినా ఆ ఊరి పిల్లలే గెలవాలి, అదీ ఒక్క గోలు తేడాతో. ఓడి మొహం మాడ్చుకున్న పిల్లలు దేవుడి మాట వినరని వాడి వాదన. మావాళ్లు జోరు మీదుంటే గీత బయట నిలబడి నెత్తిమీది ఎర్ర టోపీ తీసేవాడు. తీశాడంటే మెల్లగా ఆడమని. చూసేవాళ్లు పాపం ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకునేవాళ్లు.

ఈ పాపంలో నాకూ వాటా ఉంది. మా మేనల్లుడు, అంటే ఆ పాస్టరు కొడుకే, వాణ్ణి పిల్లలు తుపాకీ అంటారు. అంత గట్టిది వాడి కాలు. పెద్ద ఊపు ఊపి, తీరా తగిలే క్షణంలో కాలు బిగబట్టి బంతిని మెత్తగా వదలడం వాడికి నేర్పింది నేనే. చూసేవాడికి పిడుగు, గోలు కాసేవాడికి దూది. నేర్పినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ ఊళ్లో గోలు కాసేది ఓ ఆడపిల్ల. బక్కపిల్ల అనేవాళ్లం. దాని తల్లి మేం దిగిన లాడ్జిలోనే దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. కూతురు బంతాట ఆడటం ఆవిడకి ససేమిరా ఇష్టం లేదు. పిల్లది మాత్రం ఎలాగోలా కళ్లుగప్పి వచ్చేది. మూడో రోజు, దాని సంగతేంటో తేల్చుకుందామని, ఆవిడ గంట పర్మిషన్ పెట్టి మైదానానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మాకు పెనాల్టీ దొరికింది. తుపాకీ కొట్టాడు. బక్కపిల్ల పక్కకి ఎగిరి రెండు చేతుల్తో పట్టేసింది. తల్లి రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చేసింది.

అది మొదలు లాడ్జిలో ఎవరు ఎదురుపడినా ఆవిడకి అదే కథ. నగరంలోని ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లు ఆఖరిరోజు పిల్లల్ని చూడ్డానికి వస్తారని తెలిసి, కూతురి ఫారం మీద సంతకం కూడా పెట్టింది. క్లబ్బు తీసుకుంటే హాస్టలు, చదువు, శిక్షణ అన్నీ వాళ్లే చూసుకుంటారు. పదిహేనేళ్లు నిండితే మాత్రం తీసుకోరు. బక్కపిల్లకి వచ్చే నెల నిండుతాయి. అంటే ఇదొక్కటే అవకాశం.

ఆఖరిరోజు క్లబ్బు మనిషి వచ్చాడు. పొట్టి మనిషి, చంకలో రాసుకునే అట్ట, చెవి మీద పెన్ను. ఆట మొదలైన ఐదు నిమిషాలకే తమ్ముడు టోపీ తీశాడు. బక్కపిల్ల ఏడు బంతులు పట్టింది, ఏడుసార్లూ జనం చప్పట్లు కొట్టారు. అట్ట మీద ఒక్క అక్షరం పడలేదు. విరామంలో తమ్ముడు వాక్యం ఎత్తుకోగానే ఆ మనిషి బస్‌స్టాపు దారి పట్టాడు. ఈ మోకాళ్లతో ఈడ్చుకుంటూ వెనకాలే వెళ్లి, ఎందుకు వెళ్లిపోతున్నారని అడిగాను.

"మీ పిల్లలు బంతి కొడుతున్నారా, చంటిబిడ్డని అందిస్తున్నారా?" అన్నాడు. "కొట్టకపోతే ఆ అమ్మాయి ఆపుతుందో లేదో నాకెలా తెలుస్తుంది? ఏమని రాయమంటారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన బస్సు ఇంకో అరగంటకి. పది నిమిషాలు ఉండమని చేతులు పట్టుకున్నంత పని చేసి వెనక్కి తెచ్చాను.

వాక్యం ముగియగానే తమ్ముడికి సంగతంతా చెప్పాను. వాడు నీళ్ల సీసా మూత తీసి, తాగడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. గొంతు పూర్తిగా పోయింది, పెదాలు పగిలిపోయాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడూ నాకంటే తక్కువ అలిసిపోలేదు. ఇవాళే ఊరంతా వచ్చింది, ఇవాళ ఓడిస్తే ఇన్నాళ్ల ప్రయాసా వృథా అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ పోట్లాడే ఓపిక లేదు. తిన్నగా మేనల్లుడి దగ్గరికి వెళ్లాను.

"నేను నేర్పింది మర్చిపో," అన్నాను. "నీ కాలితో నువ్వు కొట్టు."

ఆట మళ్లీ మొదలైంది. తమ్ముడు టోపీ తీశాడు. తుపాకీ తండ్రి వంక చూశాడు, నా వంక చూశాడు, కొట్టాడు.

బంతి వలలో పడేదాకా బక్కపిల్లకి అది వచ్చిన సంగతే తెలియలేదు. చేతి గ్లవ్స్ వంక చూసుకుంటూ ఉండిపోయింది. రెండోదీ అంతే. చేజేతులా ఈ పిల్ల కొంప ముంచానురా దేవుడా అనుకున్నాను. మూడోసారి అది గీత వదిలి రెండడుగులు ముందుకొచ్చింది. బంతి దాని వేళ్లకి తగిలి అడ్డకర్ర మీద నుంచి పోయింది. నాలుగోది గుండెలకి తగిలితే బంతితో సహా వెనక్కి పడింది గానీ వదల్లేదు. ఐదోది, ఆరోది కూడా ఆపింది. క్లబ్బు మనిషి బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆయన తల దించుకుని రాస్తూనే ఉన్నాడు.

రెండు సున్నాతో మేమే గెలిచాం. ఊళ్లోవాళ్లు మొహాలు మాడ్చుకుని ఇళ్లకి పోయారు. ఆఖరి వాక్యానికి నలభై కుర్చీల్లో ఆరుగురే మిగిలారు. క్లబ్బు మనిషి మాత్రం సోమవారం అమ్మాయిని హాస్టలుకి పంపమని కాగితం చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆ కాగితం పట్టుకుని బక్కపిల్ల మా దగ్గరికి వచ్చింది. మొహంలో నవ్వు లేదు. ఇన్నాళ్లూ మెల్లగా కొట్టారా అని అడిగింది. తుపాకీ తన బూట్ల వంక చూసుకున్నాడు. నేను జెర్సీలు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాను, సిగ్గులేకుండా. అది తిన్నగా మా తమ్ముడి వైపు తిరిగింది.

"మా అమ్మ వచ్చిన రోజు పెనాల్టీ?"

వాడు చేతిలోని టోపీని నలిపాడు.

"మెల్లగా కొట్టమని టోపీ తీశానమ్మా," అన్నాడు.

అది తలూపింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది నాకు. మైదానానికి అటువైపు నుంచి దాని తల్లి, లాడ్జి యూనిఫారంలోనే, పరిగెత్తుకుంటూ వస్తోంది. బక్కపిల్ల అటు చూసి, గొంతు తగ్గించి అంది.

"మా అమ్మకి చెప్పకండి."

తల్లి వచ్చీ రాగానే కాగితం చూసి కళ్లకద్దుకుని, మా తమ్ముడి రెండు చేతులూ పట్టుకుంది. ఆ పెనాల్టీ కళ్లారా చూడకపోతే చచ్చినా సంతకం పెట్టేదాన్ని కాదంది. మీరూ చూశారుగా పాస్టరుగారూ, అని అడిగింది. సత్యం గురించి గంటసేపు చెప్పగలడు వాడు. ఆ పదకొండు రోజులూ చెప్పాడు కూడా.

"చూశానమ్మా," అన్నాడు. "బాగా పట్టింది."

ఇంకేం, ఆవిడ ఆ పెనాల్టీ కథ మొదట్నుంచీ మళ్లీ ఎత్తుకుంది. తమ్ముడు టోపీ చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నాడు. బక్కపిల్ల తల్లి పక్కనే నిలబడి, ఆవిడ ఎక్కడ తడబడితే అక్కడ మాట అందిస్తూ వచ్చింది.