నాలుగు వందల నలభై ఒకటో మైలు

యడ్ల పోలయ్య ముఖం ఎలా ఉండేదో ఆయన వంశంలో ఎవరికీ తెలియదు. పట్టాల కూలీకి 1912లో ఫోటో తీసేవాడెవడు? అందుకని బిలాస్‌పూర్‌లో స్థిరపడిన ఆ శ్రీకాకుళం కుటుంబం, మహాలయ అమావాస్యనాడు పెద్దలకు పెట్టుకునేటప్పుడు, పోలయ్యకు బదులుగా పోలయ్యకొచ్చిన వెండి బిళ్ళను పీట మీద ఉంచేది. బిళ్ళ మీద ఇంగ్లండు రాజు ఐదో జార్జి తల. కిరీటం, దువ్విన గడ్డం. మూడు తరాల కోడళ్ళు ఆ దొర నుదుటికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గారెలూ పరమాన్నమూ వడ్డించారు. ఆయన ఏనాడూ వద్దనలేదు.

పోలయ్య మనవడు అప్పలస్వామికి అరవై మూడేళ్ళు. తాతలాగే, తండ్రిలాగే పట్టాలు చూసే గ్యాంగులో చేరి, ఆ గ్యాంగుకే పెద్దగా, అంటే మేట్‌గా రిటైరై, రాజ్‌కిశోర్ నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. హిందీ చదవగలడు, ఇంగ్లీషు రాదు. చెప్పుకోవడానికి ఆయనకున్నదల్లా ఆ బిళ్ళా, దాని వెనకున్న కథా.

కథ నాయనమ్మ చెప్పింది. ఢిల్లీలో దర్బారు ముగించుకున్న రాజుగారు కలకత్తా నుంచి బొంబాయికి ఈ లైను మీదే వెళ్ళాడు. ఒక్కో తంతి స్తంభానికి ఒక్కో మనిషిని కాపలా పెట్టారు. 441వ మైలు దగ్గర రైలు నెమ్మదించింది. రాజు కిటికీలోంచి పోలయ్యను చూశాడు. పోలయ్య రాజును చూశాడు. ముచ్చటపడ్డ రాజు స్వహస్తంతో బిళ్ళ అందించాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు పోలయ్య జ్వరమొచ్చి పోయాడు. ఈ కథను అప్పలస్వామి ముప్ఫై ఆరేళ్ళు గ్యాంగు గుడిసెల్లో చెప్పాడు. వినీ వినీ విసిగిపోయిన కుర్రాళ్ళు ఆయనకు 'రాజా మేట్' అని పేరు పెట్టారు. వెక్కిరింతని తెలిసినా ఆయనకది బాగానే ఉండేది.

2010 సెప్టెంబరు చివర్లో కొడుకు గిరిబాబు ఆఫీసు నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. ఢిల్లీలో కామన్వెల్త్ ఆటలకు ముస్తాబులు జరుగుతున్న రోజులు. ఇంగ్లండు రాణీగారు పంపిన ఆటల బేటన్ దేశంలో ఊరేగుతుంటే, టీవీలో ఒకాయన అది గౌరవమంటున్నాడు, ఇంకొకాయన బానిసత్వమంటున్నాడు. ఆ ఊపులో ఇక్కడ రైల్వే కాలనీలోని ఒక హాల్లో పాత రైళ్ళ ప్రదర్శన పెడుతున్నారట. గిరిబాబు పై ఆఫీసరు వెంకటేశ్వరరావుగారిదే పెత్తనం. లండన్ నుంచి పాత రైళ్ళంటే పడిచచ్చే పెద్దమనిషి ఒకాయన ముఖ్య అతిథి.

"బిళ్ళ తెమ్మన్నారు నాన్నా. నీకు శాలువా కప్పుతారట. స్టేజీ మీద కథ చెప్పాలి."

అప్పలస్వామికి ఆనందంతో అన్నం సహించలేదు. ప్రదర్శనకు మూడు రోజుల ముందే మనవరాలు రాజశ్రీని వెంటబెట్టుకుని హాలుకు వెళ్ళాడు. ఆ పిల్ల కాలేజీలో చరిత్ర చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇంగ్లీషు మాత్రం గడగడా చదివేస్తుంది.

గాజు పెట్టెల్లో పాత లాంతర్లు, గంటలు, టిక్కెట్లు. ఒక పెట్టెలో పేజీ తెరిచిన ఫైలు. పైన రాజుగారి రైలు బొమ్మ. రాజశ్రీ వంగి చదవడం మొదలుపెట్టింది, చదువుతూ చదువుతూ ఆగింది.

"ఏటి రాసుందే?"

"కాపలావాళ్ళు లైనుకు వీపు పెట్టి, అడవి వైపు తిరిగి నిలబడాలట తాతా. రైలు వచ్చినా తల తిప్పకూడదట. తిప్పితే డిస్మిస్."

అప్పలస్వామి నవ్వబోయాడు. వీపు పెట్టి నిలబడ్డవాడు రాజును ఎలా చూశాడు? రాజైనా తాత ముఖం ఎలా చూశాడు? నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఇంకా ఉంది," అని రాజశ్రీ గొంతు తగ్గించింది. "మైలు 441, ఏడో స్తంభం దగ్గర, ముందు వెళ్ళే పైలట్ ఇంజను తగిలి ఒక కూలీ చనిపోయాడు. ముప్ఫై గంటలుగా బదులు మనిషిని పంపలేదు కాబట్టి నిద్రలో ఒరిగి ఉంటాడు. రాజుగారి కంట పడకుండా శవం మీద గడ్డి కప్పించాం. రైలుకు ఆలస్యం కాలేదు. భార్యకు బిళ్ళ ఒకటి ఇప్పించాలి. అంతే తాతా. ఖతమ్."

అప్పలస్వామి జేబులోంచి బిళ్ళ తీశాడు. దాని అంచు మీద చిన్నప్పటి నుంచీ ఆయన వేలితో తడుముకున్న అంకెలున్నాయి. 441, పక్కన 7.

ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మంత్రుల స్పెషల్ రైళ్ళకు జనవరి చలిలో లైను పక్కన తానూ నిలబడ్డాడు. పన్నెండు గంటలకే మోకాళ్ళు పట్టు తప్పుతాయి. ముప్ఫై గంటలు! నాయనమ్మకు అప్పటికి పదిహేడేళ్ళు, కడుపులో నాన్న. గడ్డి కింద మొగుణ్ణి చూసిన ఆ పిల్ల, బిడ్డకు ఏం చెప్పాలో తెలియక, కథలో రాజును కిటికీ దగ్గరికి పిలిచి మొగుడి చేతిలో బిళ్ళ పెట్టించింది. అప్పలస్వామికి తన మీద తనకే అసహ్యం వేసింది. ముప్ఫై ఆరేళ్ళు ఆ గడ్డి మీద తానూ ఒక దోసెడు వేస్తూ వచ్చాడు.

నేరుగా వెంకటేశ్వరరావుగారి గదికి వెళ్ళాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు.

"ఆ కాయితంలో కూలీ అని రాసినోడు మా తాత బాబూ. యడ్ల పోలయ్య. ఆడి పేరు రాయించండి. నాకింకేటీ వొద్దు. శాలువా వొద్దు."

"రుజువు కావాలి కదండీ, అప్పలస్వామిగారూ."

అప్పలస్వామి బిళ్ళ అంచు చూపించాడు. వెంకటేశ్వరరావుగారు కళ్ళద్దాలు పైకి తోసి చూసి తల ఊపాడు.

"ఇది రైల్వే మ్యూజియానికి ఇచ్చేస్తే రికార్డులోకి ఎక్కుతుంది. స్టేజీ మీద మీరే చెప్పండి, అతిథికి నేను ఇంగ్లీషులో చెబుతాను. పేరు రాయించే పూచీ నాది. మాట."

ఇంట్లో భార్య కనకం గొడవ పెట్టుకుంది. "బిళ్ళిచ్చీస్తే రేపు అమాసకి పీట మీద ఏటెడతాం?"

"అది మా తాత తలకాయేటే? మావోడు ఎవుడి రైలు కోసం సచ్చినాడో, ఆడికే నూరేళ్ళు గారెలెట్టినాం. సాల్లే."

"ఎందుకు నాన్నా ఇదంతా," అన్నాడు గిరిబాబు నసుగుతూ. "పాత కథే బాగుంది కదా. రేపు ఆ సార్ కిందే కదా నేను పనిచెయ్యాలి."

అప్పలస్వామి బిళ్ళను గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం హాలు నిండింది. ముందు వరసలో ఆఫీసర్ల కుటుంబాలు, వెనక గ్యాంగులో పనిచేసిన పాతవాళ్ళు, వాళ్ళ మధ్య రాజశ్రీ. అప్పలస్వామి మైకు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మా తాత రాజుని సూడనేదు. ఎనక్కి తిరిగి నిలబడమన్నారు, నిలబడ్డాడు. ముప్పై గంటలు నిద్ర నేకుండా నిలబెట్టీసినారు. ఇంజను కొట్టీసింది. గడ్డి కప్పీసి రైలు పోనిచ్చినారు. ఆలీసం అవ్వనేదని రాసుకున్నారు. మా తాతకి పేరుంది. పోలయ్య. యడ్ల పోలయ్య."

వెంకటేశ్వరరావుగారు మైకు అందుకుని ఇంగ్లీషులో చెప్పాడు. అప్పలస్వామి అయిదు నిమిషాల్లో చెప్పిందాన్ని ఆయన పది నిమిషాలు చెప్పాడు. వింటూ వింటూ లండన్ పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి హాలంతా లేచింది. చప్పట్లు ఆగలేదు. ఆ పెద్దమనిషి అప్పలస్వామి రెండు చేతులూ పట్టుకుని ఏదో అన్నాడు. ఆయన నీలం కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే. అప్పలస్వామి మ్యూజియం కోసం బిళ్ళ ఆయన చేతిలో పెట్టి, కాగితాల మీద చూపించిన చోటల్లా హిందీలో సంతకాలు చేశాడు. ఇంతటి ఇంగ్లీషువాడు ఇన్నేళ్ళకు తన తాత కోసం ఏడ్చాడనుకుంటే ఒళ్ళు పులకరించింది.

వచ్చేటప్పుడు గోల్ బజార్‌లో ఆటో ఆపించి అరకిలో జిలేబీ కొన్నాడు. రాజశ్రీ ముట్టుకోలేదు.

"ఏటే, అలగున్నావు?"

"సచ్ బోలూఁ తాతా, నిజం చెప్పనా? నువ్వు చెప్పింది సార్ చెప్పలేదు." ఆ పిల్ల పొట్లం వైపు చూస్తూ మాట్లాడింది. "నీ తాతకు రాజంటే ప్రాణమట. రెండు రోజులు తనంతట తానే నిద్ర మానుకుని కాపలా కాశాడట. రాజు రైలును కాపాడుతూ చచ్చిపోయాడట. మన ఇంట్లో ఇప్పటికీ రాజుగారికి పూజ చేస్తామని కూడా చెప్పారు. అది నాన్న చెప్పి ఉంటాడు. ఆ అంకుల్ అందుకే ఏడ్చాడు."

అప్పలస్వామి జిలేబీ పొట్లం మళ్ళీ కట్టేశాడు.

మర్నాడు హాలు తెరిచే వేళకు గుమ్మంలో ఉన్నాడు. బిళ్ళ గాజు పెట్టెలో నీలం మఖమలు గుడ్డ మీద ఉంది. ఫైలు కూడా ఉంది, కానీ పేజీ తిప్పేశారు. ఇప్పుడక్కడ రైలు పెట్టెల నమూనా గీతలు కనిపిస్తున్నాయి. పక్కన అట్ట మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలు. హిందీ ఆయనే చదువుకున్నాడు. 'యడ్ల పోలయ్య. చక్రవర్తి రైలును కాపాడుతూ సంతోషంగా ప్రాణాలర్పించిన విధేయ సేవకుడు.'

సంతోషంగా!

వెంకటేశ్వరరావుగారు వచ్చి నమస్కారం పెట్టాడు. అప్పలస్వామి బిళ్ళ వెనక్కి ఇమ్మన్నాడు. సంతకాలైపోయాయి, ఇక అది రైల్వే సొత్తు, కుదరదన్నాడు ఆయన.

"సముద్రాలు దాటొచ్చిన అతిథితో మొహం మీద అలా ఎలా అంటామండీ? అయినా మీరడిగింది పేరేగా. చూడండి, ఎంత పెద్దగా రాయించానో. మాట తప్పానా?"

మనిషి చెడ్డవాడు కాదు. అదే ఇంకా మండించింది. అప్పలస్వామి తిట్టలేదు, అరవలేదు. రెండు చేతులూ జోడించాడు.

"తప్పనేదు బాబూ. నాదే తప్పు, అడగడం. ఆ పేరు తీసీండి. ఆ పాత పేజీయే మళ్ళీ తెరిచి పెట్టండి. అందులో ఒక కూలీ అనే ఉంది. అలగే ఉండనీండి."