తెలుగు కాపీ

బుర్ఖా అంచుకు పట్టిన గడ్డిగింజలు ఏరి పచ్చడి సీసాలో వేస్తుంటే, మా అత్త ఖైసర్ బేగం పాన్ నములుతూ అంది: "క్యా బహూ, పిట్టల్ని చూడనీకి పోయినవా, మేకలు కాయనీకి పోయినవా?"

ఆ గింజలు మూతబడిన నాపరాయి గనిలో చల్లడానికి. గుంతలు పూడ్చి మళ్లీ గడ్డి, పొదలు, పిట్టలు వచ్చేలా చేసే పనికి కంపెనీ పెట్టుకున్న సలహాదారు నా భర్త సాకిబ్. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది మాత్రం నేను. ఆయన ఏసీ కారులో కూర్చుంటే ఎండలో తిరిగింది నేను, నివేదికలు రాసింది నేను. కిందటేడు చివరి పేజీలో నా పేరు కూడా వేయించాడు. "టైపింగ్: తహ్రీమ్" అని. చూపించి "ఖుష్?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఆ పూటే నాచేత ఖుబానీ మీఠా చేయించుకుని తిన్నాడు.

ఈసారి గనికి తూర్పున ఒక మట్టిగట్టు మిగిలింది. తేనెటీగల్ని, తూనీగల్ని పట్టి తినే పసిరిక పిట్టలు అందులో బొరియలు తవ్వుకుని గుడ్లు పెట్టాయి. నలభై ఒక్క బొరియలు. గట్టును ముట్టుకోవద్దని రాశాను. సాకిబ్ ఇంగ్లిష్ నివేదికలోంచి ఆ వాక్యం కొట్టేశాడు.

"కంపెనీకి సాఫ్ గ్రౌండ్ గావాలె. సోమవారం పొక్లెయిన్ వస్తది. బొక్కల గోడ ఫొటోల ఏం మంచిగుంటది?"

"లోపల గుడ్లున్నయ్ జీ. వానలు పడేదాంక ఆగమనుండ్రి."

"నీకు టైపింగ్ చెప్పిన. ఫత్వాలియ్యమన్ననా?"

తూనీగను ముక్కున కరుచుకుని బొరియ ముందు వాలిన పిట్ట కళ్లలో మెదిలింది. ఏడుపు రాలేదు. పగ వచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, అది పిట్టల కోసం ఎంతో నాకోసమూ అంతే. నాది తాండూరు దగ్గర పల్లె. పెళ్లిలోనే మా అత్త "తెలుగు మీడియం దుల్హన్" అంటే చుట్టాలంతా పగలబడి నవ్వారు. హైదరాబాద్ పాతబస్తీ మొఘల్‌పురాలో పుట్టిన సాకిబ్‌కి తెలుగు మాట్లాడటం వచ్చు, ఒక్క అక్షరం చదవడం రాదు. కానీ ఆ గని అనుమతిలో ఒక షరతు ఉంది. నివేదిక తెలుగు కాపీని గనులశాఖ అధికారి ఎదుట ఊరివాళ్లకు చదివి వినిపించాలి. అందులో ఉన్నదానికి కంపెనీ కట్టుబడాలి.

తెలుగు కాపీ టైపు చేసి, చాయ్‌తోపాటు ఆయన ముందు పెట్టాను.

"చదివి వినిపించనా?"

"టైమ్ లేదు. తెలుగు కాపీ ఎవడు సద్వుతడు?" అంటూ పేజీ పేజీకీ సంతకం గీకేశాడు.

శనివారం ఊరి బడిలో సభ. సాకిబ్ ముఖం చూడటానికే ముందు వరుసలో కూర్చున్నాను. గొర్రెల కాపరి శివయ్య లేచి గట్టిగా చదివాడు. సాకిబ్ దర్జాగా తలూపుతూ విన్నాడు.

"పరిశీలన, రచన: తహ్రీమ్. తూర్పు గట్టును పిట్టపిల్లలు ఎగిరిపోయేదాకా ఎవరూ తాకరాదు. దానికి పూచీ నాది. సంతకం: సాకిబ్."

ఊపుతున్న తల ఆగిపోయింది. కంపెనీ మేనేజరు గుర్రుగా చూశాడు.

"ఈ సంతకం మీదేనా?" అధికారి అడిగాడు.

కాదంటే దొంగ కాగితం ఇచ్చినట్టవుతుంది. చదవలేదంటే పరువు పోతుంది. సాకిబ్ మేనేజరు వైపు చూడకుండా ఒప్పుకున్నాడు.

"నాదే."

సోమవారం పని రద్దని అధికారి అక్కడే రాశాడు. నా కడుపు చల్లబడింది.

బయటికి రాగానే సాకిబ్ పళ్లు కొరికాడు. "ఏం జేసినవే?"

"టైపింగ్," అన్నాను.