గడియ పెట్టొద్దు

సోమవారం మా ఆయన వేరే ఊళ్ళో కొత్త ఉద్యోగంలో చేరాలి. ఈలోగా ఈ ఇల్లు అమ్మే బేరం కుదిరితే ముగ్గురం వెళ్తాం. లేకపోతే ఆయనొక్కరే వెళ్ళాలి. ఆయనకి నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి ఆగుతుంది. పక్కన తట్టి లేపే మనిషి లేకపోతే ఏమవుతుందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

కొనేవాళ్ళు పదకొండింటికి వస్తామన్నారు. పదిన్నరకే మా అమ్మాయి ఇల్లంతా తిరిగి నా చీటీలన్నీ పీకేసింది. భయమేసిన చోటల్లా ఓ చీటీ రాసి అంటించడం నా అలవాటు. 'ఈ మెట్టు జారుతుంది.' 'తడి చేత్తో ఈ స్విచ్ వెయ్యొద్దు.' 'గ్యాస్ కట్టేశావా? మళ్ళీ చూడు.'

"ఇది ఇల్లా, కరెంటాఫీసా? ఇవి చదివితే వాళ్ళు గుమ్మంలోంచే పారిపోతారమ్మా!"

"ఎవరైనా పడితే?"

"ఎవరూ పడరు. నువ్వు కాసేపు నోరు తెరవకు, అదే పదివేలు," అన్నారు మా ఆయన.

వచ్చింది భార్యాభర్తలు, అతని తల్లి. వాళ్ళు వంటగది చూస్తుంటే నేను వాళ్ళ కాళ్ళు చూస్తున్నాను. ఇంతలో పెద్దావిడ బాత్రూంలోకి వెళ్ళింది. తలుపు మూసిన చప్పుడు, వెంటనే గడియ పడ్డ చప్పుడు.

ఆ తలుపు మీదా ఓ చీటీ ఉండేది: 'గడియ పెట్టొద్దు. దగ్గుతూ ఉండు.' మా ఇంట్లో ఏడేళ్ళుగా లోపలున్నవాళ్ళు దగ్గుతారు, బయటున్నవాళ్ళు ఆగుతారు. గడియ బాగుచేస్తానని మా ఆయనా ఏడేళ్ళుగా అంటూనే ఉన్నారు.

"ఒరే, ఇది రావట్లేదురా!" లోపల్నించి కేక.

కొడుకు తలుపుకి భుజం ఆనించబోయాడు.

"తొయ్యకు బాబూ, ఇంకా బిగుసుకుంటుంది! పెద్దమ్మగారూ, ముందు తడి లేని చోట నిలబడండి. తలుపుని రెండు చేతుల్తో పైకెత్తండి. మోకాలితో అదిమి, ఇప్పుడు గడియ లాగండి."

తలుపు తెరుచుకుంది. ఆవిడకి చెమటలు. మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంత తెలిసి ముందే చెప్పలేదేమమ్మా?" అందావిడ.

"చీటీ ఉండేదండీ. ఇందాకే పీకేశారు." నోరు జారాను.

"ఏవీ ఆ చీటీలు?"

అమ్మాయి దొంగలా కట్ట తెచ్చి ఇచ్చింది. ముప్పై నాలుగు. కోడి గెలికినట్టుండే నా రాతని కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ ఒక్కొక్కటే పైకి చదివింది. మా ఆయన కుర్చీలో కూలబడ్డారు.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఇంతవరకూ ఆరిళ్ళు చూశాం. ఇంటి రోగాలు ఎవడైనా చెప్పాడట్రా? ఇదే తీసుకుందాం." తర్వాత నాతో అంది, "కానీ అమ్మాయ్, వెళ్ళేలోపు ఇవన్నీ ఎక్కడివక్కడ అంటించి పో. ఆ గడియ మాత్రం ఇప్పుడే పీకించు."

ఏడేళ్ళ పని మా ఆయన పది నిమిషాల్లో చేశారు.

ఆదివారం చీటీలు అంటిస్తున్నాను. అమ్మాయి జిగురు పట్టుకుని నా వెనకే వస్తోంది.

"ముగ్గురం కలిసే వెళ్తున్నాంగా. ఇప్పుడైనా నీ మనసు కుదుటపడిందా?"

"ఎలా పడుతుందే? ఆ కొత్తింట్లో ఏ మెట్టు జారుతుందో మనకెవరు రాసి పెట్టారు?"